అక్కాచెల్లెళ్ళు కావలెను

గండికోటను ప్రపంచ పటంలో పెడతామని చెప్పకుండా కడప జిల్లాలో వేదిక దిగిన నాయకుడు లేడు. పెట్టడానికి అదేమన్నా నిన్న పుట్టిందా? 1652లోనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియె దారి కనుక్కుని వచ్చాడు. అప్పుడు కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. వర్తకుడి దగ్గర ముత్యాలున్నాయి, సేనాని దగ్గర డబ్బుంది. ఒప్పందం లేదు, శాలువా లేదు, గ్రూప్ ఫోటో లేదు. వచ్చేవాడికి పనుండాలి, ఉండేవాడికి లాభముండాలి. విదేశీ పర్యాటకం మీద రాసే నివేదికలన్నీ పిండితే దిగే సారం ఇంతే.

కానీ కాలం మారింది. ఇప్పుడు ఊరికి పేరు రావాలంటే విదేశంలో ఒక సోదరి నగరం ఉండాలి. ప్రజలు ప్రజలతో కలిస్తే యుద్ధాలు తగ్గుతాయన్న ఆశతో 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఈ సోదరి నగరాల ఉద్యమానికి ఊతమిచ్చాడు. ఆశయానికి వంక పెట్టలేం. మన దాకా వచ్చేసరికి అది మేయర్లు మేయర్లతో కలవడంగా తేలింది. 2010లో హైదరాబాదు, ఇండియానాపోలిస్ అక్కాచెల్లెళ్ళయ్యాయి. ఆ సంగతి చార్మినార్ దగ్గర గాజులమ్మే వాళ్ళను అడిగి చూడండి. సారె పెట్టని చుట్టరికం ఎవరికి గుర్తుంటుంది?

చుట్టరికం పండిన చోటు లేకపోలేదు. అయోధ్య నుంచి వెళ్ళిన రాకుమారి తమ రాజును పెళ్ళాడిందని కొరియాలోని గిమ్హే జనం నమ్ముతారు. ఆ వంశం వాళ్ళమనుకునేవారు ఆమె స్మారకం చూడటానికి అయోధ్యకు వస్తుంటారు. అక్కడ కథ ముందు పుట్టింది, సంతకం తర్వాత పడింది. మనది తిరగేసిన వరస. సంతకం పెట్టొచ్చాక కథ కోసం కమిటీ వేస్తాం.

సరే, గండికోటకూ సంబంధం చూద్దాం. భారతదేశపు గ్రాండ్ కేన్యన్ అని పొద్దస్తమానం అంటూనే ఉన్నారు గనక అరిజోనా వాళ్ళనే అడుగుదాం. అటు పిల్ల పొడవు 446 కిలోమీటర్లు, లోతు 1.6 కిలోమీటర్లు. ఇటు పిల్ల ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్నమ్మ. ఎత్తులో తగ్గినా నగల్లో తగ్గలేదు: గట్టున కోట, కోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. అటువాళ్ళు మాత్రం ఒక ప్రశ్న వేస్తారు. ప్రవేశ రుసుము వసూలు చేసే అమెరికా జాతీయ పార్కులు ఆ సొమ్ములో కనీసం 80 శాతం వసూలైన చోటే ఖర్చు పెట్టుకోవాలని 2004లో వాళ్ళు చట్టం చేసుకున్నారు. 'మీ గండికోటలో వసూలయ్యే రూపాయిలో గండికోట ఊరికెంత?' అంటే మన పెళ్ళిపెద్దలు దగ్గి, మంచినీళ్ళు అడుగుతారు. ఆ నీళ్ళ సీసా కూడా బయటి కంపెనీదే.

పర్యాటకపు రూపాయికి కాళ్ళుంటాయి. శనివారం రాత్రి బెంగళూరులో కారెక్కిన కుర్రాళ్ళు గుడారం, చిప్స్, నీళ్ళు అన్నీ వెంట తెచ్చుకుంటారు. అంచున కూర్చుని సూర్యోదయాన్ని ఫోన్లో పట్టుకుని, ఖాళీ ప్యాకెట్లు మనకు వదిలి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. లెక్కల్లో వాళ్ళు సందర్శకులు, ఊరికి మిగిలేది మాత్రం చెత్త. ఒక్క రాత్రి ఉండి సంకటి, నాటుకోడి పులుసు తిని, తెల్లారి ఉగ్గాని బజ్జీ లాగించి, స్థానిక గైడుకు కూలిచ్చి పోయే మనిషి అలాంటి వందమంది పెట్టు.

ఈ లెక్కలు పక్కన పెట్టి మన నాయకులు చూపేదేమిటో తెలియాలంటే ఒక స్థలపురాణం వినాలి. పులివెందుల వైపు వేంపల్లె దగ్గర గండి క్షేత్రం ఉంది. రాముడి కోసం వాయుదేవుడు అక్కడ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. ఆ తోరణం థామస్ మన్రో దొర కంటపడిందనీ, చూసినవాడు ఎక్కువ కాలం బతకడనీ చెప్పుకుంటారు. మన్రో 1827లో కలరాతో పోయాడు. మన నాయకులకు ఆ గండం లేదు. ప్రతి ఎన్నికల ముందూ కొండల మధ్య బంగారు తోరణం చూస్తారు, మనకు చూపిస్తారు, నిక్షేపంగా ఉంటారు. పోయేది తోరణమే.

అనుమానముంటే జమ్మలమడుగు ప్రాంతంలో ఒక చుట్టు తిరగండి. ఉక్కు కర్మాగారం పేరుతో 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, కంపెనీలు మారాయి, కొబ్బరికాయ ఒక్కటే మారలేదు. విదేశీయుల కోసం 'శిలాఫలక దర్శన యాత్ర' అని ప్యాకేజీ పెడితే ప్రపంచంలో పోటీ ఉండదు. 2023 జూలైలో గండికోటలో ఒబెరాయ్ హోటల్‌కూ కొబ్బరికాయ కొట్టారు. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. డబ్బు రావడం మంచిదే. అందులో ఎంత మరుగుదొడ్డి అవుతుందో, ఎంత స్వాగత తోరణం అవుతుందో చూడాలి.

ఇంతకూ కడప జిల్లాకు విదేశీ అక్క లేదని ఎవరన్నారు? కువైట్ ఉంది. ఇళ్ళల్లో వంట చేసి, కార్లు తోలి, ఎండలో గోడలు కట్టి మన ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిపిన బంధమది. అక్కడి దీనారుతో ఇక్కడ మిద్దెలు లేచాయి, పిల్లల ఫీజులు కట్టారు, ప్రొద్దుటూరు అంగళ్ళలో గొలుసులు కొన్నారు. ఆ బంధానికి సంతకం లేదు, సన్మానం లేదు. 2015లో ప్రారంభమైన కడప విమానాశ్రయం నుంచి కువైట్‌కు నేరుగా విమానమూ లేదు. చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కి పోవాల్సిందే.

విదేశీ సంబంధాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇంట్లో అక్కాచెల్లెళ్ళను మాట్లాడించండి. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళు, వాసవమ్మ దసరా ఉన్నాయి. జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్లలో గండికోట ఉంది. పులివెందుల దారిలో గండి క్షేత్రం ఉంది. మూడూ ఒకే జిల్లాలో ఉన్నా, ఈ మూడింటినీ కలిపి రెండు రోజుల్లో చూపించే బస్సు ఏదీ? మూడు ఊళ్ళ నాయకులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే పర్యాటకం గురించి కాదు, పాత లెక్కల గురించి మాట్లాడతారు.

కాబట్టి అయ్యా, విదేశీ ఒప్పందానికి విమానమెక్కే ముందు మూడు పనులు చేయండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, గండికోట, పులివెందుల మధ్య ఒక బస్సు వేయండి. కోటలో నీళ్ళొచ్చే కుళాయి, తలుపున్న మరుగుదొడ్డి పెట్టండి. వసూలైన సొమ్ములో ఊరి వాటా ఎంతో బోర్డు మీద రాయండి. ఈ మూడూ అయ్యాక ఏ దేశం పోయి ఏ అక్కను తెచ్చినా సారె మేమే పెడతాం. కాకపోతే మాత్రం ఇంకో శిలాఫలకం పట్టుకుని మా ఊరికి రావొద్దు, ఉన్నవి చాలు.