జీవోగారి ఫొటో

ప్రభుత్వ పత్రాల్ని చూపులేనివాళ్లు కూడా ఆన్‌లైన్‌లో చదువుకునేలా పెట్టండి మహాప్రభో అంటే, ‘చాలా ఖర్చవుతుందండీ’ అంటారు ఆఫీసుల్లో. ప్రజల సొమ్ము కదా, జాగ్రత్త ఉండాల్సిందే. ఆ లెక్కేదో మొదటినుంచీ వేద్దాం.

జీవో పుట్టేది కంప్యూటర్‌లోనే. యూనికోడ్‌లో టైపు చేస్తే చాలు, ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగులో గడగడా చదివేస్తుంది. ఇంతవరకూ పైసా అదనం లేదు. అసలు ఖర్చు ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. దాన్ని ప్రింటు తీయాలి. పైఅధికారి పచ్చ సిరాతో సంతకం పెట్టాలి. డిజిటల్ సంతకం చెల్లుతుందని పార్లమెంటు 2000లోనే చట్టం చేసింది గానీ, తడి ఆరని సంతకం మీద ఉన్న గురి మనకి మరి దేనిమీదా కుదరదు. పక్కనే గుండ్రటి ముద్ర, సరిగ్గా తేదీ కనబడకుండా పడాలి. ఆనక పిన్ను పీకి స్కానర్ మీద పరిస్తే, మొదటి పేజీ ఏటవాలుగా, రెండోది తలకిందులుగా, మూల బొటనవేలి నీడతో సహా పీడీఎఫ్ సిద్ధం. చదివే సాఫ్ట్‌వేర్‌కి అది ఉత్త బొమ్మ. నోరు మెదపదు.

అక్షరాన్ని బొమ్మగా మార్చడానికి అయిన కాగితం, టోనరు, కరెంటు, ఇద్దరు మనుషుల పూట, ఇవన్నీ మామూలు ఖర్చులు. ఎవరూ అడగరు. ఆ బొమ్మని తిరిగి అక్షరం చెయ్యమన్నప్పుడే అంచనాలు, టెండరు, ఆర్థికశాఖ కొర్రీలు.

కొందరు స్కాన్ చెయ్యరు పాపం. డీటీపీ కాలంనాటి ఫాంట్లలో కొట్టి పెడతారు. తెరమీద ముత్యాల్లాంటి తెలుగు, లోపల ఇంగ్లిషు ముక్కలూ డాలరు గుర్తులూ. పింఛను నిబంధనలు విందామని కూర్చున్నవాడికి భూతవైద్యం వినిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది నిన్న మొన్న కాదు, 1991లో.

ఖర్చునీ, స్థానిక భాషనీ, జనానికి చేరే పద్ధతినీ దృష్టిలో పెట్టుకుని సమాచారం అందించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. ఆ వాక్యంలో మనవాళ్లకి ‘ఖర్చు’ ఒక్కటే కనబడింది. కంటి పరీక్ష ఎవరికి చేయించాలో!

అతి చౌక పద్ధతి కనిపెట్టిన ఘనత మాత్రం ఆంధ్రప్రదేశ్‌ది. 2021 ఆగస్టులో జీవోల్ని ఎప్పుడూ పెట్టే వెబ్‌సైట్‌లో పెట్టడమే మానేశారు. అంతకుముందు కొన్ని ఖాళీ జీవోలు పెట్టారు. నంబరుంది, తేదీ ఉంది, లోపల తెల్లకాగితం. చూపున్నవాడికీ లేనివాడికీ సరిసమానంగా అందిన ప్రభుత్వ పత్రం నాకు తెలిసి అదే. 2024లో ప్రభుత్వం మారాక జీవోలు మళ్లీ సైటెక్కాయి, ఆ సమానత్వం పోయింది.

ఇక సుప్రీంకోర్టు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నియమాలు 2017లో. వాటిలో 15వ నియమం అందుబాటు ప్రమాణాల్ని తప్పనిసరి చెయ్యకుండా ఉచిత సలహాలా వదిలేసిందనీ, అది చట్టానికి విరుద్ధమనీ 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో కోర్టు తేల్చింది. అందుకు మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ల నివేదిక ఆధారమైంది. కేసు వేసింది 2005లో. ఆ పంతొమ్మిదేళ్ల వాయిదాలకి ఎంతయిందో ఎవరూ అంచనా వేసినట్టు లేదు. 2025 ఏప్రిల్‌లో ఇంకో కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కూడా చెప్పింది.

పాటించకపోతే? వికలాంగుల హక్కుల చట్టం 89వ సెక్షన్‌లో జరిమానా ఉంది: మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. పదివేలకి ఆఫీసులో వాడే పెద్ద స్కానరు కూడా రాదు. పైగా ప్రభుత్వ శాఖకే జరిమానా పడితే కట్టేదీ ఖజానాలోంచే, చేరేదీ ఖజానాకే. ఏ పద్దు కింద రాసుకోవాలన్నదొక్కటే తేలాలి.