ఒకే హాల్లో అయిదు తరగతులు

నేను చదువు చెప్పిన ఊళ్ళో బడి అంటే ఒక హాలు. ఒకటో తరగతి గుమ్మం దగ్గర, అయిదో తరగతి నల్లబోర్డు కింద, మిగతా మూడూ ఎక్కడ వాన కారకపోతే అక్కడ. టీచర్ని నేనొక్కదాన్నే. తనిఖీకి వచ్చిన ఎంఈఓ గారు ప్రతిసారీ 'వసతుల కొరత' అని రాసి, టీ తాగి వెళ్ళేవారు.

రిటైరయ్యాక న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, మనవరాలి బడిలోనూ ఒకటే హాలు! మూడు తరగతుల మధ్య ఒక్క గోడ లేదు. దాన్నక్కడ 'ఇన్నోవేటివ్ లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్' అంటారట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ నేను చేసింది ఇన్నోవేషనని ఎంఈఓ గారికి తెలియలేదు, పాపం.

తేడా లేకపోలేదు. అక్కడ కార్పెట్టు, చక్రాల బల్లలు, మెత్తటి దిండ్లు. వాటికి నేనేం చలించలేదు గానీ, ఆ హాల్లో ముగ్గురు టీచర్లున్నారని తెలిశాక మాత్రం కడుపు మండింది.

ఆ టీచర్లలో ఒకావిడ నన్ను తిప్పి చూపించింది. అందరూ చేరి టీచరు చెప్పేది వినే చోటు 'చలిమంట'. పిల్లలు తమలో తాము మాట్లాడుకునే చోటు 'నీటిరేవు'. ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునేది 'గుహ'. అమెరికాలో డేవిడ్ థార్న్‌బర్గ్ అనే విద్యావేత్త ప్రచారంలోకి తెచ్చిన మాటలివి. మా బడిలో మూడూ ఉండేవి, పేర్లే లేవు. మధ్యాహ్న భోజనం పొయ్యి కిటికీ పక్కనే కాబట్టి మంటకు లోటు లేదు, పొగ అదనం. నీళ్ళ వంకతో బోరింగు దగ్గర చేరి కబుర్లాడని పిల్లాడు లేడు. ఎక్కాలు రానివాళ్ళు ఒంటరిగా ఆలోచించుకోవడానికి బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళేవారు.

ఆ బస్తాలకు మాత్రం సొంత గది ఉండాల్సింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రకారం ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాల్సింది. మా రెండో గది పునాది దాకా వచ్చి ఆగింది. రెండో టీచరు కాగితం మీద వచ్చి, ఆ కాగితం మీదే డిప్యుటేషన్‌పై మండలాఫీసుకు వెళ్ళిపోయారు.

ఇక గోల సంగతి. కంటికి రెప్పనిచ్చిన దేవుడు చెవికివ్వడం మరిచిపోయాడు. నాలుగో తరగతికి డిక్టేషన్ చెబుతుంటే రెండో తరగతి ఎక్కాలు వచ్చి పడేవి. 'అశోకుడు చెట్లు నాటించెను ఏడు రెండ్లు పద్నాలుగు' అని పలకల మీద చరిత్ర తయారయ్యేది. కానీ అయిదో తరగతిని అడిగిన ప్రశ్నకు మూడో తరగతి పిల్ల ఠక్కున జవాబు చెప్పేదీ ఆ గోల పుణ్యమే.

నాకు గొంతు పోయిన రోజు అయిదో తరగతి వాళ్ళకు ఒకటో తరగతిని అప్పగించేదాన్ని. ఇది నా తెలివేమీ కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి నివేదిక రాస్తూ, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు. అందులో 226 తెలుగు బడులే. ఆ నివేదికలోనే ఇంకో ముచ్చటుంది. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చిన కొద్దీ పెంచుకుంటూ పోవడమే. మా ఊరికి బస్సొచ్చే వేళను బట్టి చూస్తే ఆ దెబ్బల్లో సింహభాగం నాకే దక్కాలి.

గోడలు తీసేయడం కొత్తేం కాదు. 1970ల్లో అమెరికాలో ఇలాగే గోడల్లేని బడులు కడితే, టీచర్లు బీరువాలూ పుస్తకాల అరలూ అడ్డంగా లాగి గోడలు కట్టుకున్నారు. ఆక్లాండ్ హాల్లో కూడా ఒక పుస్తకాల అర అనుమానాస్పదంగా నిలబడి ఉంది. 'అది ఎందుకమ్మా అక్కడ?' అంటే ఆవిడ నవ్వి, 'చక్రాలున్నాయి, కావాలంటే జరపొచ్చు' అంది. చక్రాల కింద దుమ్ము చూస్తే ఈమధ్య ఎవరికీ కావలసి వచ్చినట్టు లేదు.

2025లో న్యూజిలాండ్ విద్యామంత్రి ఎరికా స్టాన్‌ఫోర్డ్ ఇకమీదట ఓపెన్ ప్లాన్ తరగతులు కట్టబోమని ప్రకటించారు. ఆ వార్త మా అమ్మాయి చదివి వినిపిస్తే మనవరాలు ముఖం ముడుచుకుంది.

"మా బళ్ళో కూడా గోడ కట్టేస్తారా అమ్మమ్మా? మరి లెక్కల క్లాసులో పక్కవాళ్ళ కథ వినడం ఎలా?"