పదిహేడు, పదిహేడు, పదిహేడు

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే నాలుగు దిక్కులకీ బస్సులు దొరుకుతాయి. బెజవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు. మావాడు ఏ బస్సూ ఎక్కగా నేను చూడలేదు. భుజాన గిటారు సంచీ, వెనక పిలక, చేతిలో సగం తాగిన టీ. “ఆల్బం ఎందాకా వచ్చిందిరా?” అంటే “మిక్సింగ్‌లో ఉందన్నా” అంటాడు. మూడేళ్ళ కిందటా మిక్సింగే. గట్టిగా నిలదీస్తే, “పోలవరం కన్నా ముందే వస్తుందిలే” అని ఒట్టేస్తాడు.

ఇలాంటివాడు ఇప్పుడు ఊరికొకడు. ఉత్త గాయకుడంటే కోపం, ‘సింగర్ సాంగ్‌రైటర్’ అనాలి. మా తాతయ్య విని, “వాగ్గేయకారుడంటే నోరు తిరగదా?” అన్నాడు. పాట రాసి, బాణీ కట్టి, తానే పాడి బెజవాడ రేడియోకి పేరు తెచ్చిన బాలాంత్రపు రజనీకాంతరావు గారి గురించి చెప్పుకొచ్చాడు. ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనీ చెప్పాడు. మావాడు భక్తిగా అంతా విని, “ఆయనకి ఛానెల్ ఉందా తాతగారూ?” అన్నాడు.

ఒకరోజు మా బాబాయి ఎరువుల కొట్లో కూర్చుని ఆల్బం వివరించాడు. పాడటం కంటే వివరించడం వాడికి బాగా వచ్చు.

“జానపదం, పాప్, జాజ్. మూడూ సమానంగా కలుపుతున్నా బాబాయ్.”

“అంటే 17:17:17 అన్నమాట.”

“అంతే! కరెక్ట్‌గా చెప్పావ్.”

“మూడు పదిహేళ్ళు యాభై ఒకటేగా. మిగతా నలభై తొమ్మిదీ?”

“అది ఫీలింగ్ బాబాయ్.”

“మేం ఫిల్లర్ అంటాంలే,” అని బాబాయి బస్తా కుట్టు విప్పుకున్నాడు.

జానపదం వంతు కోసం బాపులపాడు వైపు నాట్లేస్తున్న చోటికి వెళ్ళాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. ఆడవాళ్ళు వంగి నారు పెడుతూనే ఉన్నారు, పాడేది మాత్రం గట్టు మీది వాళ్ళ ఫోను. ‘జాతిరత్నాలు’లో రామ్ మిరియాల పాడిన ‘చిట్టి’. చౌరస్తా బ్యాండ్ నుంచి వచ్చిన ఆ రామ్ మిరియాలే మావాడికి దేవుడు. దేవుడి పాటే అడ్డొచ్చేసరికి ఏమనాలో తెలీలేదు. “మీ పాత పాటలు లేవా అక్కా?” అన్నాడు చివరికి. “ఉన్నాయి నాయనా. రెండు సాళ్ళు నాటు, పాడతాం” అంది పెద్దావిడ. ఆ రికార్డింగ్ విన్నాను. మావాడి ఆయాసం తప్ప ఏమీ లేదు.

జాజ్ మాత్రం వెతక్కుండానే దొరికింది. మొన్న మాఘంలో ఓ పెళ్ళి ఊరేగింపు హైవే దాటలేక ఆగిపోయింది. బ్యాండ్ మేళంలో శాక్సఫోన్ ఊదే ఓ అరవయ్యేళ్ళాయన ఉన్నాడు. టోపీ పెద్దదై చెవుల మీద కూర్చుంది. లారీ వాడు ఎయిర్ హారన్ కొడితే, పాట వదిలేసి అదే శ్రుతిలో ఆ హారన్‌కి జవాబు ఊదాడు. లారీ మళ్ళీ కొట్టింది. ఈయన ఈసారి రెండు గమకాలు చేర్చి తిప్పి కొట్టాడు. పెళ్ళికొడుకు సైతం కారు అద్దం దించి చూశాడు.

మావాడు టీ గ్లాసుతోనే పరుగెత్తాడు. “గురువుగారూ, ఇదే జాజ్! నా ఆల్బంలో మీరు ఊదాలి!”

ఆయన శాక్సఫోన్ దించి, ఉమ్మి విదిల్చి, మూతి తుడుచుకున్నాడు.

“ఎన్ని గంటలు బాబూ? టిఫిన్ మీదేనా?”