చెంచాడు మీది, గోనెడు వాళ్లది

పంచదారా, షుగర్‌ఫ్రీ మాత్రా? ఇంట్లో ఏది వాడాలో మీరే తేల్చుకోవాలట. ఆహా, ఎంత ప్రజాస్వామ్యం! మిగతావన్నీ పెద్దలే తేల్చేశారు. ఈ కాఫీ చెంచా ఒక్కటీ మన విచక్షణకు వదిలేశారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో లెక్క చెప్పింది. రోజుకు 25 గ్రాములు దాటొద్దంది. అంటే ఐదారు చెంచాలు. సరే, ఇల్లాలు లెక్కపెట్టే వేస్తుంది. మరి పిల్లాడి పాలల్లో కలిపే పొడిలో ఎంత? బిస్కెట్‌లో ఎంత? టమాటా సాస్‌లో ఎంత? 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు గుటకేస్తే 30 గ్రాముల చక్కెర లోపలికి. ఆ రోజు కోటా ఖతం. వంటింట్లో డబ్బా మూత ఇంకా తియ్యనేలేదు!

పాలల్లో కలిపే ఆ పొడిని ఏళ్ల తరబడి 'హెల్త్ డ్రింక్' అని అమ్మారు. చట్టంలో అలాంటి మాటే లేదని ఏలినవారికి గుర్తొచ్చింది ఎప్పుడు? 2024 ఏప్రిల్‌లో. అప్పటికి ఆ గ్లాసులతో పెరిగిన పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి.

ప్యాకెట్ ముందువైపే పెద్ద అక్షరాలతో 'చక్కెర ఎక్కువ' అని రాయొచ్చుగా? అమ్మో, కంపెనీల మనసు నొచ్చుకోదూ! అందుకే 2022లో ముసాయిదా తెచ్చారు. హెచ్చరికలు కావు, నక్షత్రాలు. సినిమా రివ్యూకిచ్చినట్టు చిరుతిండికి స్టార్ రేటింగ్! అదైనా వచ్చిందా? 2025లో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. వెనకవైపు రాశాం కదా అంటారు కంపెనీలవాళ్లు. రాశారు. అది చదవాలంటే చక్కెరను వాసనపట్టే చీమకైనా కళ్లద్దాలు కావాలి.

సర్కారు వారి వరస చూడండి. 2025 మేలో బడుల్లో చక్కెర గురించి హెచ్చరించే 'షుగర్ బోర్డులు' పెట్టమంది సీబీఎస్ఈ. సెప్టెంబరులో బిస్కెట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. బడిలో నీతిబోధ, గేటు బయట కొట్లో డిస్కౌంటు! కూల్‌డ్రింకులకు 40 శాతం వాత పెట్టాం కదా అని మీసం మెలేస్తారు. అందులో చక్కెరున్నా, తీపి రసాయనమున్నా ఒకటే వాత. ఇక కంపెనీవాడు చక్కెర ఎందుకు తగ్గిస్తాడు, మన మీద జాలితోనా?

మాత్ర సంగతికొద్దాం. బరువు తగ్గడానికి ఇలాంటి చక్కెర కాని తీపి పదార్థాలను నమ్ముకోవద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదనీ చెప్పింది. ఆ రెండో ముక్క వాట్సాప్ దారిలో ఎక్కడో రాలిపోయింది. జులైలో వాటిలో ఒకటైన ఆస్పర్టేమ్‌ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' జాబితాలో వేశారు. ఆ నోటితోనే, 70 కిలోల మనిషి రోజుకు 9 నుంచి 14 డైట్ కూల్‌డ్రింకు డబ్బాలకు మించి తాగితే తప్ప పరిమితి దాటడనీ అన్నారు. భయపెట్టి లైకులు ఏరుకునేవాడు మొదటి సగం చదువుతాడు. సరుకు అమ్మేవాడు రెండో సగం చదువుతాడు. మొత్తం చదివే ఓపిక మనకెక్కడిది?

మనమేం తక్కువ తిన్నామా? పెళ్లి బంతిలో రెండు బొబ్బట్లు, మూడు పూతరేకులు లాగించి, కాఫీలోకి మాత్రం జేబులోంచి మాత్ర తీసే బాబాయి ఏ ఇంట్లో లేడు? షుగర్‌ఫ్రీ కాజూ కట్లీ అట. చక్కెర లేదు, బాగుంది. జీడిపప్పూ, నెయ్యీ సెలవు పెట్టాయా? ఇక బెల్లం చాయ్ భక్తులు! బెల్లంలోనూ అధికభాగం ఆ సుక్రోజే బాబూ. రంగు చూసి మురిసిపోవడానికి రక్తానికి కళ్లున్నాయా?

నన్నడిగితే, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మాత్ర వేసుకోండి. లేనివాళ్లు చెంచా తగ్గించండి. ఈ సలహాకు సినిమా హీరో ప్రకటన చెయ్యడు. ఎవడికి కమిషన్ వస్తుందని?

చివరిగా ఒక్కటి. మన దేశంలో నెస్లే అమ్మిన పాపాయిల ఆహారం సెరెలాక్‌లో, ఒక్కో పూట పెట్టేదానిలో సగటున 2.7 గ్రాముల చక్కెర కలిపారని 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది. జర్మనీ, బ్రిటన్‌లలో అమ్మే అలాంటి రకంలో కలిపింది సున్నా. ఐదేళ్లలో 30 శాతం దాకా తగ్గించాం కదా అంది నెస్లే. అక్కడ సున్నా చెయ్యగలిగినవాళ్లకు ఇక్కడ వాయిదాల పద్ధతెందుకు? పళ్లయినా రాని పాపాయిని ఎవరడిగారండీ, 'ఎన్ని చెంచాలు వెయ్యమంటావు తల్లీ' అని?