గోడెక్కిన విద్యకు దండం

అన్నా, మెండోరలో మీ ఇంటి ముందు నుంచి పోతూ మీ హామ్ రేడియో సర్టిఫికెట్ వేలాడే గోడకు దండం పెట్టకుండా ఉండటం నా వల్ల కాదు. శ్రీరాంసాగర్ గేట్లు చూడటానికి ఎక్కడెక్కడి జనమో పోచంపాడు దాకా వస్తారు, ఆ సర్టిఫికెట్ చూడకుండానే తిరిగిపోతారు. వాళ్ల ప్రాప్తం అంతే.

హామ్ రేడియో లైసెన్సుకు పరీక్ష రాసి, రిస్ట్రిక్టెడ్ గ్రేడులో గట్టెక్కారు. జనరల్ గ్రేడు వాళ్లు నిమిషానికి 8 మాటల చొప్పున మోర్సు కొడుతూ చెవులు అరగదీసుకుంటారు. ఆ పాపం మీకెందుకు? పాత ప్రశ్నలు ముందేసుకుని, ప్రశ్న సగం వినగానే ‘సి’ అనే దాకా సాధన చేశారు. ప్రశ్నతో పని లేకుండా జవాబు తెలియడం ఋషులకే చెల్లింది.

యాంటెన్నా కట్టిన రోజు మరిచిపోతానా! 40 మీటర్ల బ్యాండుకు డైపోల్ అంటే రెండు రెక్కలూ కలిపి సుమారు 20 మీటర్ల తీగ. పరీక్షలో అదే రాసి మార్కు కొట్టారు. ఇంటికొచ్చి 40 మీటర్లు లాగి కట్టారు. బ్యాండు పేరుకు ఇంత మర్యాద చేసినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

సెట్టు పలకలేదు. బోరు మోటార్ల వైండింగ్ చేసే అన్నను పిలిపించారు. ఆయన పదో తరగతి తప్పిన మనిషి, మీ స్థాయి కాదు. కేబుల్ కొనకు మల్టీమీటరు ఆనించగానే ‘కుయ్’మంది. ‘పలికింది!’ అని మీరు చప్పట్లు కొట్టారు. ఆయన కనెక్టరు విప్పి, పైఅల్లికలోంచి జారి నడిమి తీగకు తగులుతున్న వెంట్రుకంత పోగును గోటితో లాగి చూపించాడు. షార్టు. మళ్లీ టంకం పెట్టాడు, తీగను కొలిచి సగానికి కోశాడు. లైసెన్సు లేదు కాబట్టి మైకు మాత్రం ముట్టకూడదు. చేతులు తుడుచుకుని పోయాడు.

హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ గారికి మీ తెలివి లేకపోయింది. 2004లో అండమాన్ వెళ్లి, డిసెంబరు 26న సునామీ వస్తే, పోర్ట్‌బ్లెయిర్‌లో స్టేషను పెట్టుకుని కబుర్లు చేరవేస్తూ కూర్చున్నారు. పరీక్ష ఆమె కూడా పాసైనదే. పాసయ్యాక ఇంకా పని ఉంటుందని ఎవరు చెప్పారో ఆమెకు!

మీ స్టేషను ఇప్పుడు చక్కగా పలుకుతోంది. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించడానికి ఐదు వందలయిందని మీరే చెప్పారు. వైండింగ్ అన్నకు రెండు వందలు ఇంకా బాకీ ఉంది.