మా మ్యూజియంలో అడ్డ లేదు

మా ఊరి చరిత్ర మ్యూజియానికి నేను గౌరవ కార్యదర్శిని. గౌరవ అంటే జీతం లేదని అర్థం. గౌరవం కూడా లేదన్న సంగతి చేరిన నెలకి తెలిసింది. పాత ధాన్యం గోదాములో రెండు గదులు, ఓ వసారా, ఓ అటెండరు, ఆయన సైకిలు. ఇదీ మా సంస్థ. సైకిలు ప్రదర్శన వస్తువు కాదు. అయినా కిందటేడు వచ్చిన బడిపిల్లలు దాన్ని కూడా నోట్సులో రాసుకుపోయారు.

ఏటా మార్చి నెలాఖరుకి వార్షిక నివేదిక రాయాలి. మా అధ్యక్షులవారిది రైసుమిల్లు. ఏదైనా బస్తాల్లోనే ఆలోచిస్తారు. "మాస్టారూ, ఈసారి నివేదిక కాస్త బరువుగా ఉండాలండీ" అన్నారు. సరేనని కూర్చున్నాను.

మొదటి అంశం సందర్శకులు. నిజంగానే పెరిగారు. కారణం రాయడానికే కలం కదలడం లేదు.

చెరువుగట్టు మీద పడి ఉన్న వీరగల్లు ఒకదాన్ని పెద్దలందరినీ ఒప్పించి ట్రాక్టరు మీద తెచ్చి వసారాలో నిలబెట్టాం. కింది అంతస్తులో కత్తీ డాలూ పట్టుకున్న వీరుడు, మధ్యలో అతన్ని స్వర్గానికి మోసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం. ఏ పోరులో చచ్చిపోయాడో పాపం. అయితే ఊళ్లోవాళ్లకి ఆయన తరతరాలుగా అమ్మవారు. చెరువుగట్టు నుంచి మ్యూజియానికి మారినంత మాత్రాన అమ్మవారు కాకుండా పోతారా? శుక్రవారం వచ్చిందంటే పసుపూ కుంకుమా నిమ్మకాయల దండా. "అమ్మా, ఈయన మగవాడు, ఇదుగో మీసం" అని చూపించబోయాను ఒకావిడకి. "మీసం ఉంటే మాత్రం ఏమైందండీ, మొక్కుకున్నాక మా కోడలికి పురుడు సులువుగా వచ్చింది" అంది. చరిత్ర పరిశోధన దగ్గర దీనికి జవాబు లేదు. నేను రాయించిన వివరాల పలక ఇప్పుడు నిమ్మకాయల వెనకాల ఉంది. కొబ్బరిచిప్పలు అటెండరు ఇంటికి వెళుతున్నాయి. ఏడాది పొడుగునా ఆయనకి పచ్చడి కరువు లేదు. నివేదికలో మాత్రం "మహిళా సందర్శకుల సంఖ్యలో గణనీయమైన వృద్ధి" అని రాశాను.

అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం కూడా జరిపాం. అది మే 18న జరపాలని 1977లో తేల్చిన పెద్దలు మా జిల్లాలో ఒక్క ఎండాకాలం కూడా గడిపి ఉండరు. రోహిణి కార్తెకి వారం ముందు, మిట్టమధ్యాహ్నం, సభ. వక్తగారూ, నేనూ, ఫ్యాన్ల కింద పడుకోవడానికి వచ్చిన ముగ్గురూ.

రెండో అంశం సేకరణ. మ్యూజియానికి వచ్చే దానాల్లో చాలాభాగం పాతసామాన్లవాడు వద్దని వదిలేసినవే. కుట్టుమిషన్లు, పాడైపోయిన రేడియోలు, కాలు విరిగిన పడకకుర్చీలు. "మా తాతగారిదండీ, దీనికి చాలా చరిత్ర ఉంది" అంటారు. ఏమిటా చరిత్ర అని అడిగితే, "చెప్పాను కదండీ, మా తాతగారిదని" అంటారు. ఒకాయన ఇత్తడి కూజా తెచ్చాడు. మెడ చుట్టూ ఏవో అక్షరాలున్నాయని ఫోన్లో చెబితే మూడురోజులు నిద్రపోలేదు నేను. తీరా తెచ్చాక చూస్తే బంగారంలా మెరుస్తోంది, అక్షరాలు లేవు. "మ్యూజియానికి ఇస్తూ మాసిన సరుకు ఇస్తామా? రాత్రంతా చింతపండేసి తోమింది మా ఆవిడ" అన్నాడు గర్వంగా. ఆవిడ తోమినదాంట్లో ఎవరి పేరు పోయిందో, ఏ సంవత్సరం పోయిందో ఇక తెలిసే దారి లేదు.

ఇంకొకాయన చీకటిపడ్డాక వచ్చాడు, కండువా కింద కుండ. పునాదులు తవ్వుతుంటే దొరికిందట, నాణేలట. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకి తెలియజేయాలని చెప్పాను. మొహం తెల్లబోయింది. తలుపేసి ఇద్దరం లెక్కపెట్టాం. అన్నీ వంకుల అంచున్న అల్యూమినియం పదిపైసల బిళ్లలు. ఎవరో పిల్లవాడు దాచుకున్నట్టున్నాడు. మొత్తం తొమ్మిది రూపాయల ముప్ఫై పైసలు. చట్టానికి డెబ్భై పైసల దూరంలో ఆగిపోయాడు మనిషి.

ఇక నివేదికలో రాయాలా వద్దా అని నేను కొట్టుకుంటున్న సంగతి ఒకటుంది. మా దగ్గర కొలపాత్రల వరస ఒకటుంది, ఆరు పాత్రలు. చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అని వరసగా చీటీలు నేనే అంటించాను. మూడేళ్లయింది. అధికారులు చూశారు, ఫొటోలు తీసుకున్నారు, పత్రికలో వచ్చింది.

మొన్న శీతాకాలంలో ఓ మామ్మగారు మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాడికేదో స్కూలు ప్రాజెక్టు. ఆవిడ అద్దాల బీరువా ముందు ఆగి, "ఇవెవరయ్యా రాసింది?" అంది. నేనేనన్నాను, కొంచెం వినయంగా. "ఎప్పుడైనా కొలిచావా?" అంది.

తాళం తీయించింది. ఎదుటి కొట్లోంచి కిలో బియ్యం తెప్పించింది. చీర కుచ్చెళ్లు సర్దుకుని నేలమీద చతికిలబడి, నేను సోల అని రాసినదాన్ని చేతిలోకి తీసుకుంది. తవ్వ అని రాసినదాంట్లోకి పోస్తూ, పైన అరచేత్తో చదునుచేస్తూ, "లాభం" అంది. మనవడు "ఒకటి అనాలి నానమ్మా" అన్నాడు. "గింజ కొలిచేటప్పుడు ఒకటి అనరురా, లాభం అంటారు. రెండు. మూడు. నాలుగు." నాలుగోదానికి పాత్ర అంచుదాకా నిండింది. నాలుగు గిద్దలు సోల కదా. అంటే నా సోల గిద్ద, నా తవ్వ సోల. మొట్టమొదటిది అరగిద్ద. నేను అడ్డ అన్నది మానిక. కుంచంలోకి అది రెండుసార్లు కాదు, నాలుగుసార్లు పట్టేలా ఉందని చూపించింది. నా వరస మొత్తం ఒక్కో మెట్టు పైకెక్కి కూర్చుంది. కుంచం ఒక్కటే నిజం చెబుతోంది, అదీ అన్నిటికన్నా పెద్దది కాబట్టి.

కిలోలు వచ్చింది 1958లో. ఆవిడ చేతికి ఆ కబురింకా అందినట్టు లేదు.

"మరి అడ్డేదయ్యా?" అంది లేస్తూ. మూడేళ్లుగా మా దగ్గర అడ్డ లేదని ఆ క్షణందాకా మాకెవరికీ తెలియదు. శనివారాలు వచ్చి పిల్లలకి ఇలా కొలిచి చూపించమని బతిమాలాను. "నన్ను కూడా ఆ అద్దాల బీరువాలో పెడతావేమిటి?" అంది. వస్తానని మాత్రం అంది.

చివరి అంశం భవిష్యత్ ప్రణాళిక. అధ్యక్షులవారు ఒకటో నెంబరు స్వయంగా చెప్పి రాయించారు: లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాలను వెనక్కి రప్పించుట. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో ఓడెక్కి వెళ్లిపోయినవి. రప్పించాల్సిందే, నాకూ ఉంది. కానీ వస్తే ఎక్కడ పెడతాం? రెండోగదిలో వాన పడితే మూడు బకెట్లు పెడుతున్నాం. "ముందు పైకప్పు నేయిద్దామండీ" అన్నాను. "పైకప్పు రాస్తే నివేదిక తేలిపోతుంది మాస్టారూ" అన్నారు. రెండో నెంబరులో రాశాను. మూడో నెంబరు శనివారాలు మామ్మగారు, ఆవిడ రిక్షా ఖర్చు, కిలో బియ్యం. బియ్యం అధ్యక్షులవారి మిల్లు నుంచే వస్తాయని కూడా రాశాను, ఆయన ఇంకా చదవలేదు.

నాలుగో నెంబరు మీ చేతుల్లో ఉంది. కుట్టుమిషన్లు ఇక వద్దు. మీ అటక మీద, పాత గాదె వెనకాల, రెండు మానికలు పట్టే పాత్ర ఏదైనా ఉంటే అదే అడ్డ. ఇత్తడిదైనా ఇనుపదైనా సరే, పట్టుకురండి. దయచేసి తోమకండి.