రైలు పాసు, రాగిముద్ద: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

ప్రస్తుత పద్యం చాటువు. ధర్మవరం జంక్షన్‌లో అనంతపురం బండి కోసం కాచుకుని కూర్చునే పరిశోధక విద్యార్థుల నోళ్లలో నానుతున్నది. కర్త పేరు చెప్పుకోడు. సినాప్సిస్‌కే ఇంకా ఆమోదం రానివాడు పద్యం కింద సంతకం చేస్తే బాగుండదని ఊరుకున్నాడని సంప్రదాయజ్ఞులు. మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన ఏ విశ్వవిద్యాలయానికీ థీసిస్ సమర్పించనక్కరలేదు గనుక ఆ ఒట్టు చెల్లింది. పేజీలు నిండవలసినవాళ్లకు అది కుదరదు. పూర్వవ్యాఖ్యాతల మాటలు ఇందులో పదిశాతం లోపు దొర్లితే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం దోషం లేదని ముందే మనవి.

పద్యం

రైలు పాసును సద్దిలో రాగిముద్ద
గైడు కరుణయు నింటిలో కాస్త యోర్పు
లేక పీహెచ్డి కొండెక్క లేచువాడు
మధ్యలో నాగు లేపాక్షి మండపంబు

ప్రతిపదార్థం

రైలు పాసును = హిందూపురం నుంచి అనంతపురానికి నెలనెలా తీసుకునే సీజన్ టికెట్టూ; సద్దిలో = మధ్యాహ్నానికి కట్టుకుపోయే మూటలో; రాగిముద్ద = రాగిసంగటీ; గైడు = పర్యవేక్షకుల; కరుణయున్ = దయా; ఇంటిలోన్ = సొంతింట్లోనూ, పెళ్లయితే అత్తగారింట్లోనూ; కాస్త = కొంచెం (ఎక్కువ అడగడం అత్యాశ); ఓర్పు = సహనమూ; లేక = లేకుండానే; పీహెచ్డి కొండ = ఆ పేరుగల పర్వతాన్ని; ఎక్కన్ = ఎక్కడానికి; లేచువాడు = తెల్లారుజామున అలారం పెట్టుకుని లేచేవాడు; మధ్యలోన్ = మూడో అధ్యాయానికీ నాలుగో అధ్యాయానికీ నడుమ; ఆగు = నిలిచిపోయే; లేపాక్షి మండపంబు = లేపాక్షి గుడిలోని కల్యాణమండపమే (అగును).

తాత్పర్యం

దారి ఖర్చు, తిండి, గైడు దయ, ఇంటివాళ్ల సహనం ముందుగా సమకూర్చుకోకుండా పీహెచ్‌డీలో చేరినవాడు స్తంభాలు లేచి పైకప్పు పడని మండపంలా మిగిలిపోతాడని భావం.

విశేషాలు

రైలు పాసు: కవి దీన్ని మొదట పెట్టడం యాదృచ్ఛికం కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు-గుంతకల్లు మార్గం మీది ఊళ్లు. 2022 ఏప్రిల్ 4 నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. కానీ ఇక్కడి పిల్లలు తరతరాలుగా ఆశపెట్టుకున్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అనంతపురంలోనే ఉండిపోయింది. 1968లో తిరుపతి యూనివర్సిటీకి పీజీ సెంటరుగా మొదలై, 1981లో సొంతకాళ్ల మీద నిలబడింది అది. అంటే జిల్లా ఇటొచ్చింది, గైడు అటే ఉన్నాడు. కనుక పాసు.

ఇక్కడ పార్ట్‌టైమ్ పరిశోధకుడే కవి మనసులో ఉన్నాడని నా అభిప్రాయం. హిందూపురంలో ఏదో ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. పార్ట్‌టైమ్‌గా చేరాలంటే పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు చెబుతున్నాయి. చదువుకోవడానికి అనుమతిస్తున్నామనీ, ఉద్యోగపు పనులు పోను పరిశోధనకు తగినంత తీరిక ఉంటుందనీ, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి పంపుతామనీ యాజమాన్యం రాసివ్వాలి. ఇన్విజిలేషన్ నుంచి అడ్మిషన్ల ప్రచారం దాకా అన్నీ అతని నెత్తినే వేసే యాజమాన్యం "తగినంత తీరిక ఉంటుంది" అని సంతకం పెట్టడం ఆధునిక సాహిత్యంలో హాస్యరసానికి మంచి ఉదాహరణ. ఆ కాగితం దరఖాస్తుకు ముందే చేతికి రావాలి. సీటొచ్చాక అడిగితే, ఆ సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి బెంగళూరులో ఉంటాడు.

ఇక పాసుతో రిజర్వేషన్ బోగీ ఎక్కరాదు. జనరల్‌లో సీటు దొరికితే హిందూపురం నుంచి పెనుకొండ దాకా చదువు సాగుతుంది. పెనుకొండలో జనం ఎక్కుతారు, పుస్తకం మూతపడుతుంది. ధర్మవరంలో మళ్లీ కొంత ఖాళీ. ఈ లెక్క తెలిసినవాడు బరువైన సిద్ధాంతాన్ని మొదటి ముక్కకీ, ఫోన్‌లో దించుకున్న వ్యాసాన్ని నిలబడి చదివే ముక్కకీ పంచుకుంటాడు. శోధ్‌గంగలో లక్షల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. తన గైడు దగ్గర అంతకు ముందు ఎవరెవరు ఏమేం రాశారో చేరకముందే అక్కడ చూసుకోవచ్చు. ఆ ఒక్క పనికి పాసు కూడా అక్కరలేదు.

రాగిముద్ద: జఠరాగ్నికి ఉపలక్షణం, అంటే డబ్బుకి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవాడికి 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఆపై సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) అయితే 42,000. నెట్ అర్హత లేకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నెలకు 8,000 ఇచ్చే పథకం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరితే ఆ పథకం వర్తించదు. వీటన్నిటినీ కవి ఎరుగును. ఎరిగి కూడా ఫెలోషిప్ అనక రాగిముద్ద అన్నాడు. ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, ఖాతాలో పడడం వేరు. నెలల తరబడి డబ్బు రాక దేశమంతా పరిశోధకులు రోడ్డెక్కిన సందర్భాలు లేకపోలేదు. కనుక మొదటి ఆరునెలలకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని చేరమని ధ్వని.

మరో సూక్ష్మం. ముద్దను నమలరాదు, పులుసులో అద్ది మింగాలి. కొత్తగా తినేవాడు నమిలి, పళ్లకు పట్టుకుని, తంటాలు పడతాడు. గైడు చేసిన సవరణలూ అంతే. ఇందుకే వెంటనే గైడు ప్రస్తావన వచ్చింది.

గైడు కరుణ: "పాండిత్యము" అని వేసినా పద్యం నడిపించగల కవి "కరుణ" అనే ఎందుకన్నాడు? పాండిత్యం ఎవరికైనా ఉంటుంది, కరుణను మాత్రం శిష్యులందరూ పంచుకోవాలి. ప్రొఫెసరు దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి పరిశోధకులు ఉండరాదు. ఆ ఎనిమిదిలో మీరెన్నోవారో, ముందున్నవాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారో హాస్టల్లో వాకబు చేస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పుట్టినతేదీ కూడా చూడాలి. మీది కాదు, ఆయనది. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. తీసుకున్నవాళ్లకు రిటైరయ్యాక సహ పర్యవేక్షకులుగా మాత్రమే, అదీ డెబ్బై ఏళ్లు నిండేదాకా కొనసాగవచ్చు. సంబంధం చూసేటప్పుడు జాతకాలు కలిపించేవాళ్లు గైడు విషయంలో ఇంతమాత్రం వాకబు చేయకపోవడం వింత.

ఇంటిలో కాస్త యోర్పు: ఇక్కడే వ్యాఖ్య పెరుగుతుంది, క్షమించాలి. ధర్మవరంలో ఒక మగ్గాల ఇల్లు అనుకుందాం. ముందుగదిలో గుంత మగ్గం, మీద జకార్డు. పొద్దున మొదలైన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగదు. మూలన అవ్వ కండెలు చుడుతుంటుంది. వెనకగదిలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మనవడు రెండో అధ్యాయం రాస్తుంటాడు. మేనమామ వచ్చి మొదట అడిగేది అదే: "ఏంరా అల్లుడూ, ఇంగా సదువుతానే ఉండావా?" ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే అది ప్రశ్న కాదు. అవ్వ ప్రశ్న మాత్రం న్యాయమైనది. "చీర ఎప్పుడు కోస్తామో షావుకారికి ముందే చెప్తాం గదా నాయినా. నీది ఎప్పుడు అయితాదంటే చెప్పలేవేం?"

చెప్పవచ్చు. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. మళ్లీ రిజిస్టరు చేయించుకుంటే ఇంకో రెండు. ఈ సంఖ్యలు చేరిన రోజునే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన పరిశోధకుణ్ణి నేనింకా చూడలేదు. "రెండేళ్లలో అయిపోతుందమ్మా" అని చేరతారు. మూడో ఏట అమ్మ పెళ్లిచూపులకు తేదీ పెడుతుంది. అది అమ్మ తప్పు కాదు.

ఆడపిల్ల విషయంలో నిబంధనలు బంధువుల కంటే మెత్తన. స్త్రీలకు గడువు మీద ఇంకో రెండేళ్లు, అన్నీ కలిపి పదేళ్ల దాకా. మొత్తం కాలంలో 240 రోజుల ప్రసూతి సెలవు. పెళ్లయి ఊరు మారితే చేసిన పని, సేకరించిన డేటాతో సహా మరో విశ్వవిద్యాలయానికి మారే వెసులుబాటూ ఉంది. నిశ్చయతాంబూలాల రోజున ఈ మాట ఎత్తే పెద్దమనుషులు తక్కువ. కట్నం పట్టీతోపాటు ఈ నిబంధన కాగితం కూడా అవతలివాళ్లకు ఇవ్వాలని ఒక వ్యాఖ్యాత్రి సూచన. కట్నమే నేరం గదా అని ఆమెతో వాదించడానికి నాకు ధైర్యం చాలలేదు.

కొండెక్క: శ్లేష. తెలుగువాడికి ధరలు కొండెక్కుతాయి, దీపమూ కొండెక్కుతుంది. మొదటిదానికి పెరగడమని, రెండోదానికి ఆరిపోవడమని అర్థం. పీహెచ్‌డీలో ఈ రెండూ ఏకకాలంలో జరుగుతాయని కవి గడుసుదనం. కొండ అంటే ఇక్కడ పెనుకొండేనని రైలెక్కినవాళ్లందరూ ఒప్పుకుంటారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు ఇక్కడికొచ్చి రాజధాని పెట్టుకున్నారు. ఇప్పుడు దాని దాపునే, ఎర్రమంచి దగ్గర, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. డిగ్రీలో పక్కబెంచీ వాడు కంపెనీ బస్సు దిగుతుంటాడు. మనవాడు సద్దిమూటతో స్టేషనుకు నడుస్తుంటాడు. ఈ దృశ్యానికి మనసును ముందే సిద్ధం చేసుకోవాలి. స్టేషను దారి ఎలాగూ మారదు.

పెనుకొండ పేరెత్తాక పుట్టపర్తి నారాయణాచార్యులను తలవకపోతే పాపం. చిన్ననాడే 'పెనుగొండలక్ష్మి' రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైందనీ, దాని మీది ఒక్క ప్రశ్నకే జవాబు రాస్తూ రాస్తూ సమయమంతా అయిపోయి పరీక్ష తప్పారనీ సీమలో కథగా చెప్పుకుంటారు. తన విషయం తనకంటే ఎవరికీ తెలియదన్న ధైర్యమే కొంప ముంచుతుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు. ఆయన అంతటివారు కాబట్టి మహాకవిగా తేలారు. మనం గడువు దాటితే రీ-రిజిస్ట్రేషన్ ఫీజు కడతాం.

మధ్యలో నాగు లేపాక్షి మండపంబు: కొందరు "మధ్యలో నాగు" అని విడదీసి, లేపాక్షిలోని ఏడు పడగల నాగలింగమని అర్థం చెబుతారు. తల్లి వంట పూర్తి చేసేలోగా శిల్పులు దాన్ని చెక్కేశారని స్థలపురాణం. ఒక పూట వంటలో అంత పెద్ద నాగు తయారైతే తన థీసిస్‌కి ఆరేళ్లు ఎందుకని పరిశోధకుడి నాన్న అడిగే ప్రమాదం ఉంది గనుక ఈ పాఠం అనాదరణీయం. "మధ్యలోన్ ఆగు" అన్నదే సరి.

మండపం ఎందుకు ఆగింది? పెనుకొండలో అచ్యుతరాయల కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, రాజు ఆగ్రహించాడనీ, శిక్ష పడకముందే తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడనీ స్థానికులు చెబుతారు. గోడ మీద ఎర్రటి మచ్చలూ చూపిస్తారు. మనకు కావలసింది కళ్లు కాదు, నిధులు. డబ్బు ఆగింది, కల్యాణమండపం ఆగింది. శిల్పులకు పని రాక కాదు. పద్యం గట్టిదనం ఇక్కడుంది: మధ్యలో ఆగిన పరిశోధకుల్లో తెలివి చాలనివాడు తక్కువ, నెల ఖర్చు గట్టెక్కనివాడు ఎక్కువ.

ఆక్షేపం: లేపాక్షి లతామండపం స్తంభాల మీది నగిషీలు ధర్మవరం చీరల అంచులకెక్కాయి గదా, ఆగినదాన్ని అంత తీసిపారేయడమేల? సమాధానం: అవి పూర్తయిన స్తంభాలు. అయినా ఆగిన థీసిస్‌ను అంచుకు నేసి కట్టుకున్నవాళ్లెవరూ లేరు.

శంక: నాలుగు పాదాల్లో పరిశోధనాంశం మాటే లేదేమి? రైలు ఉంది, ముద్ద ఉంది, గైడున్నాడు, ఇల్లుంది. అసలు దేని మీద పరిశోధనో కవి చెప్పడు. ఇది లోపమని కొందరు పండితుల అభిప్రాయం. కాదు. అంశం ఎటూ మారుతుంది. మొదటి ఏడాది రాసుకున్న శీర్షిక చివరిదాకా నిలిచిన థీసిస్‌లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మారనివి తెల్లారుజామున బండి, మధ్యాహ్నం ఆకలి, సాయంత్రం ఇంట్లో ఆ ప్రశ్న. ప్రవేశపరీక్షకు నెలల తరబడి తయారయ్యేవాళ్లు వీటికి ఒక్క ఆదివారం కూడా కేటాయించరు. కవి ఆ ఆదివారాన్నే అడుగుతున్నాడు.

అలంకారం రూపకం. అతిశయోక్తి అని వాదించేవాళ్లు ఆరో ఏట ఉన్న పరిశోధకుడి ఇంటికి వెళ్లి కాఫీ తాగి రావాలి.

గద్య

ఇది శ్రీమద్ధర్మవర జంక్షన్ ప్రతీక్షాలబ్ధ పాండిత్య, సీజన్ టికెట్ మాత్ర ధన, పార్ట్‌టైమ్ పరిశోధక ప్రణీతంబైన వ్యాఖ్యయందు ప్రథమాధ్యాయము. ద్వితీయాధ్యాయము గైడుగారి బల్ల మీద ఉన్నది.